నొప్పి తెలియని కాళ్ళు

మా నాన్న లిఫ్టు నడిపేవాడు. ఒక పాత ఆఫీసు భవనంలో, నిలువెత్తు ఇనుప పెట్టెలో, మూలనున్న గుండ్రటి స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళను వాళ్ళ అంతస్తులో దించడం ఆయన ఉద్యోగం. ఇప్పటి లిఫ్టుల్లా మీట నొక్కితే దానంతటదే పోయే రకం కాదది. జాలీ తలుపు చేత్తో లాగాలి, పిడి తిప్పి వేగం తగ్గించాలి, పెట్టె నేల, అంతస్తు నేల సమంగా వచ్చేలా ఆపాలి. నాన్న ఆపితే దిగేవాళ్ళ కాలికి ఎత్తుపల్లం తగిలేది కాదు. రోజంతా ప్రయాణం చేసి సాయంత్రానికి ఎక్కినచోటే దిగే మనిషి లోకంలో తానొక్కడేనని నవ్వేవాడు. అమ్మ ఊరుకునేది కాదు. స్టూలు మీంచి లేవకుండా లోకం చుట్టొచ్చారు, అలసిపోయుంటారు, ఇక కాళ్ళు కడుక్కోండి అనేది.

ఆ భవనం ఎనిమిదో అంతస్తులో, దూరదూరాలకు కాలినడకన తిరిగేవాళ్ళ సంఘానికి ఒక చిన్న గది ఉండేది. ఎండకు ముక్కు మీద పొట్టు లేచిన మనుషులు, మట్టి కొట్టుకుపోయిన బూట్లతో, తలకంటే ఎత్తున్న సంచులు వీపున వేసుకుని లిఫ్టు ఎక్కేవారు. వాళ్ళ నోట ఎప్పుడూ పెద్దబాట మాటే. కొండల్లో ఒక సరస్సు దగ్గర మొదలై, అడవులు, గడ్డి మైదానాలు, రాళ్ళ వాగులు దాటి, వారాల తరబడి నడిస్తే సముద్రం ఒడ్డున తేలే దారి అది. నాన్న ఆ కథలన్నీ ముక్కలు ముక్కలుగానే విన్నాడు. కథ మంచి పట్టులో పడేసరికి ఎనిమిదో అంతస్తు వచ్చేసేది. వంతెన కొట్టుకుపోయిందట, అవతలికి ఎలా దాటారో తెలీదు. పొగమంచులో ఒకతను తప్పిపోయాడట, దొరికాడో లేదో తెలీదు. ఒకటి రెండుసార్లు కావాలనే లిఫ్టు నెమ్మదిగా పోనిచ్చాననీ, అయినా కథ అందలేదనీ చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ బాట తనే నడుస్తానని, సముద్రం దాకా తన కాళ్ళతోనే పోతానని, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనేవాడు. మేము సరేననేవాళ్ళం.

మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. నీటి సరఫరా కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది. ఏ వీధిలో పైపు పగిలిందో ఫిర్యాదు తీసుకుని, మనుషులను పంపి, పని అయిందో లేదో చూసుకోవడం నా పని. మొదటి జీతంతో నాన్నకు బూట్లు కొన్నాను. చీలమండల పైదాకా వచ్చే తోలు బూట్లు, కింద దట్టమైన సోలు, రాళ్ళలో జారకుండా లోతైన గాట్లు. నాన్న వాటిని చేతుల్లోకి తీసుకుని పసిబిడ్డను చూసినట్టు చూశాడు. ఒకసారి తొడుక్కోమన్నాను. కుర్చీలో కూర్చుని తొడుక్కున్నాడు, నేలకు ఆనించలేదు. మళ్ళీ విప్పి, కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి బీరువా మీదకు ఎక్కించాడు. సిటీ రోడ్ల మీద అరగదీసే వస్తువు కాదమ్మా ఇది, దీన్ని బాట మీదే తొడుగుతాను అన్నాడు.

మా ఇంట్లో అది వింతేమీ కాదు. మంచి వస్తువు వచ్చిందంటే దాని చోటు బీరువాయే. అమ్మ దగ్గర పూల గాజు కప్పులు ఆరు ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచీ అవి అద్దాల అరలోనే ఉన్నాయి. వాటిలో టీ తాగేంతటి చుట్టం ఇప్పటిదాకా మా గడప తొక్కలేదు. బూట్లనూ నాన్న అలాగే చూసుకున్నాడు. అప్పుడప్పుడూ దించి, మెత్తని గుడ్డతో తుడిచి, పాలిష్ పట్టి, నీడలో కాసేపు ఉంచి, మళ్ళీ పైకి ఎక్కించేవాడు. ఏళ్ళు గడిచాయి. పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టారు. దానికి మనిషి అక్కర్లేదు. నాన్నను కింద గేటు దగ్గర కూర్చోబెట్టారు, ఆ తర్వాత రిటైర్ చేశారు.

కాళ్ళ సంగతి ఒక నవ్వులాటతో మొదలైంది. ఒకరోజు నాన్న బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలీదు. అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత మెట్ల మీద తడబడడం మొదలైంది, ఆ తర్వాత చదునైన నేల మీద కూడా. పరీక్షలన్నీ చేసి డాక్టరు చెప్పింది ఇదీ: పాదాల్లో నరాలు ఎండిపోతున్నాయి, అది మెల్లగా పైకి పాకుతుంది, ఆపే మందు లేదు. ఏడాదో, ఇంకొంచెమో. ఆ తర్వాత చేతికర్ర, ఆ తర్వాత చక్రాల కుర్చీ. తిమ్మిరి ఉంటుందా అని అడిగితే నాన్న ఏదో కాస్త అన్నాడు. రోజూ రెండుపూటలా పాదాలు పైనా కిందా చూసుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న బుద్ధిగా తలూపాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అన్నాడు. "ఈ ఎండాకాలమే వెళ్తాను. వచ్చే ఏడాదికి కాళ్ళుంటాయో లేదో."

అమ్మ వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత వచ్చి, ఒక్కరినీ పంపేది లేదు, పిల్ల తోడు వెళ్తేనే అంది. నేను ఆఫీసులో సెలవు పెట్టాను. పైఅధికారి పెళ్ళా అని అడిగాడు. కాదు, నడక అన్నాను. ఆయనకు అర్థం కాలేదు కానీ సంతకం పెట్టాడు.

చదువుకున్నదాన్ని కనుక చదవడమే మొదలుపెట్టాను. పెద్దబాట నడిచినవాళ్ళు రాసినవన్నీ చదివాను. తేలికపాటి సంచి, చేతికర్రలు, రెండు పొరల మేజోళ్ళు, వానకోటు, పుండ్లకు అంటించే పట్టీలు. ఏది లేకపోతే ఏమవుతుందో ఒక్కొక్కరూ తమ గోడు రాసి పెట్టారు. నాన్న అన్నింటికీ అడ్డంగానే తలూపాడు. నా పాత కాలేజీ సంచీ చాలన్నాడు. కర్రలు ఇప్పటి నుంచే ఎందుకు, అవి ఎలాగూ రాబోతున్నాయిగా అన్నాడు. సామాన్లు నడవవమ్మా, మనిషి నడుస్తాడు, అది కూడా కాళ్ళతో కాదు, పట్టుదలతో అన్నాడు. అమ్మ పక్క గదిలోంచి, స్టూలు మీద కూర్చుని కూర్చుని పట్టుదల బాగా పేరుకుపోయినట్టుంది అంది. చివరికి ఆయన ఒప్పుకున్న సామాను ఒక్కటే, బీరువా మీద ఉన్న ఆ బూట్లు. బయల్దేరిన రోజున సరస్సు ఒడ్డున, ఒక రాతి మీద కూర్చుని, కాగితం విప్పి, వాటిని తొడుక్కున్నాడు. తోలు అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్ళైనా చెక్కుచెదరలేదు చూశావా అన్నాడు. నేనూ చూశాను. నిజంగానే చెక్కుచెదరనట్టే ఉన్నాయి.

మొదటి రోజుల్లో నాకే ప్రాణం మీదికొచ్చింది. మడమలు రెండూ చీరుకుపోయాయి, భుజాల మీద సంచి పట్టీలు వాతలు పెట్టాయి. నాన్న మాత్రం కాళ్ళు కాస్త ఎత్తెత్తి వేస్తూ, తడబడుతూనే, ఆగకుండా నడిచాడు. బాట పొడవునా నడిచేవాళ్ళు రాత్రి పడుకోవడానికి చెక్క బసలు ఉన్నాయి. బూట్లు వరండాలోని అరల్లో వదిలి లోపలికి పోవాలి. లోపల పొయ్యి చుట్టూ అందరూ పాదాలు చాపుకుని కూర్చుని, సూదితో బొబ్బలు చిదుముకుంటూ, మూలుగుతూ ఉంటారు. నాన్నకు ఒక్క బొబ్బ లేదు. ఒక్క మూలుగు లేదు.

అక్కడే ఒకాయన మాకు జతయ్యాడు. మందుల షాపు నడిపి, అది కొడుక్కి అప్పగించి నడకకు వచ్చిన మనిషి. ఆయన సంచిలో లేని వస్తువు లేదు. మడిచే కుర్చీ, మడిచే గిన్నె, నీళ్ళు వడకట్టే గొట్టం, ఎత్తు చెప్పే గడియారం. మడత మంచం కూడా ఉండే ఉంటుందని, మొహమాటానికి బయటికి తీయడం లేదని నాన్న నా చెవిలో అన్నాడు. ఆయనకు కొట్టాయన అని పేరు పెట్టాడు. కొట్టాయనకు మాత్రం నాన్నంటే మొదటి సాయంత్రం నుంచే గురి కుదిరింది. ఇంత వయసులో, నరాల జబ్బుతో, కాలేజీ పిల్లల సంచి తగిలించుకుని, హుషారుగా నడుస్తున్న మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. గురువుగారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. పాదాలు చూసుకున్నావా నాన్నా అంటే, చూసుకున్నానమ్మా అనేవాడు. ఒకసారి చూడనివ్వమని నేలమీద కూర్చుని ఆయన మేజోడు పట్టుకున్నాను. కాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"లే తల్లీ. డిగ్రీ చదివినదానివి, నా కాళ్ళ దగ్గర కూర్చుంటావా? నలుగురూ చూస్తున్నారు."

ఆయనకు నేను కూతురినే కానీ, కూతురి కంటే ఎక్కువ కూడా. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా నేనే చదవాలి. ఆసుపత్రిలో డాక్టరు ఏది చెప్పినా నా వైపు చూసి, నేను తలూపితేనే నమ్మేవాడు. కాలేజీలో చేరిన రోజు నుంచి నా చేత ఇల్లు కూడా ఊడ్వనివ్వలేదు. అలాంటి మనిషి నా చేతికి పాదం ఇవ్వడం జరగని పని. నేను లేచి నిలబడ్డాను.

ఒక నిట్టనిలువు కొండ ఎక్కుడులో అందరూ కూలబడితే, నాన్న ఒక్కడే ఆగకుండా ఎక్కేశాడు. వారం దాటేసరికి ఆయన పేరు బాట మీద మాకంటే ముందు నడవడం మొదలైంది. తర్వాతి బసలో దిగేసరికి అక్కడివాళ్ళు, నొప్పి లేకుండా నడిచే పెద్దాయన మీరేనా అని అడిగేవారు. చుట్టూ చేరి, రహస్యమేమిటని అడిగేవారు. నాన్న మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత తర్వాత చెప్పడం నేర్చుకున్నాడు. నొప్పి అనేది కాలిలో ఉండదండీ, మనసులో ఉంటుంది, వద్దనుకుంటే రాదు అనేవాడు. కొట్టాయన దానికి వంత పాడేవాడు. తన సామానంతా చూపించి, ఇదంతా మోసుకొచ్చి నేను కుంటుతున్నాను, ఈయన ఒట్టి గుండెతో నడుస్తున్నాడు అనేవాడు. కుర్రవాళ్ళు సెలవు తీసుకునేటప్పుడు నాన్నకు చేయి కలిపి వెళ్ళేవారు.

ఆ సాయంత్రాల్లో నాన్నను చూస్తే నాకే కొత్తగా ఉండేది. లిఫ్టులో విన్న సగం కథలన్నీ నడిచినవాళ్ళను అడిగి పూర్తి చేసుకున్నాడు. కొట్టుకుపోయిన వంతెన దగ్గర తాడు కట్టి దాటారట. పొగమంచులో తప్పిపోయినతను దొరకలేదట. ఆ రెండోది విన్నాక పొయ్యిలో కట్టె ఎగదోసి, తన కథలు మొదలుపెట్టేవాడు. ఇక్కడ మధ్యలో దిగిపోయేవాళ్ళు లేరు. మొదలుపెట్టిన కథ ఏదైనా చివరిదాకా చెప్పేవాడు, అందరూ చివరిదాకా వినేవారు. బతుకంతా పక్కన నిలబడి అంతస్తు అంకెలు మాత్రమే చెప్పిన మనుషుల మధ్య గడిపినవాడు. ఆ ముఖంలో వెలుగు చూస్తుంటే, ఈ మాట నిజమే కాబోలు, పట్టుదల అనే వస్తువు నిజంగా ఉంది కాబోలు అని నాకూ నమ్మాలనిపించింది. జబ్బు వెనకబడిందేమో, డాక్టరు లెక్క తప్పిందేమో అని కూడా అనుకున్నాను.

సముద్రం ఇంకా రెండు కొండల అవతల ఉందనగా, రోజంతా వానలో రాళ్ళ లోయ దిగాం. కత్తుల్లాంటి రాళ్ళు. కొట్టాయన రెండుసార్లు పడ్డాడు. నాన్న మాకంటే ముందు బస చేరాడు. నేను చేరేసరికి పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తింటున్నాడు. నేను బూట్లు విప్పి లోపలికి అడుగు పెట్టేసరికి, బస చూసుకునే ఆవిడ తడిగుడ్డ కర్ర పట్టుకుని చెక్క నేల వైపు చూస్తూ నిలబడి ఉంది.

"ఎవరిదో కాలు తెగింది," అంది. "నేలంతా రక్తం."

అందరూ ఎవరి పాదాలు వాళ్ళు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. నాన్న రొట్టె పక్కన పెట్టి లేచాడు. ఎవరికమ్మా దెబ్బ తగిలింది, కొట్టాయన దగ్గర పట్టీలున్నాయి, పిలవనా అని అడుగుతూ గదంతా తిరిగాడు. ఆయన తిరిగిన చోటల్లా నేల మీద ఎర్రటి మరక పడుతోంది. ఒక్కొక్కరి చూపే ఆ మరకల వెంట నాన్న కాళ్ళ మీదికి వెళ్ళింది. నాన్న మాత్రం ఇంకా ఒక్కొక్కరి కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"నాన్నా, కూర్చో," అన్నాను.

ఈసారి కాలు వెనక్కి లాక్కోలేదు. మేజోడు పాత రక్తంతో అట్టకట్టి పాదానికి అతుక్కుపోయి ఉంది. కొట్టాయన కత్తెర తెచ్చి దాన్ని నిలువునా కత్తిరించాడు. అరికాలి ముందు భాగంలో, బొటనవేలి కింద, నాణెమంత గుంట. అందులో చిన్న గులకరాయి ఒకటి కూరుకుని ఉంది. చుట్టూ మాంసం నల్లబడింది. వాసన వచ్చింది. రెండో కాలు విప్పితే మడమ దగ్గర ఇంకొకటి, కాస్త చిన్నది.

బస ఆవిడ వరండాలోంచి నాన్న బూట్లు తెచ్చింది. పైన తోలు వాన తడికి ఇంకా మెరుస్తూనే ఉంది. కింద సోలు లేదు. ముందు సగం ఎక్కడో లోయలో రాలిపోయింది, మిగిలినది వేలితో తాకితే ఎండిన మట్టిబెడ్డలా పొడి అయిపోతోంది. లోపలి పలచటి అట్ట చిల్లులు పడి ఉంది.

కొట్టాయన ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఎన్నేళ్ళ నాటివండీ ఇవి అని అడిగాడు. నేను చెప్పాను. ఎప్పుడూ తొడగలేదా అన్నాడు. లేదన్నాను. ఈ రకం సోలు వాడకుండా దాచిపెడితే లోలోపలే చివికిపోతుందని, పైకి కొత్తగానే కనబడుతుందని, తొడిగి తిరిగిన బూట్లే ఇంతకంటే మేలని చెప్పాడు. గొంతులో ఇంతకుముందు ఉన్న హుషారు లేదు. "సామాను గురించి నాకు తెలియనిది లేదని అనుకున్నాను. మొదటి రోజే చూడాల్సింది. మీ ముఖమే చూస్తూ ఉండిపోయాను, కాళ్ళు చూడలేదు."

తర్వాత తన మందుల పెట్టె తెరిచాడు. అందులో లేనిది లేదు. గుడ్డలు, సీసాలు, కత్తెర్లు, మూడు రకాల పట్టీలు. అన్నీ బయటికి తీసి వరసగా పేర్చి, పుండు వైపు చూసి, ఒక్కొక్కటీ మళ్ళీ లోపల పెట్టాడు. గుంట కడిగి, రాయి తీసి, పైన గుడ్డ మాత్రం కట్టాడు. ఆయన రాయి తీస్తుంటే నాన్న కళ్ళు ఆర్పకుండా చూశాడు.

ఇది ఇవాళ్టి దెబ్బ కాదండీ, రోజులైంది అన్నాడు కొట్టాయన, నాన్నతో కాదు, నాతో.

"రోజూ చూసుకున్నానన్నావు కదా నాన్నా," అన్నాను.

"నొప్పి లేనప్పుడు చూడ్డానికేముంటుందమ్మా?"

నాన్న మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, మేము అనవసరంగా బెంబేలెత్తుతున్నట్టు చిన్నగా నవ్వాడు. ఉన్నవి రెండు కొండలేగా అన్నాడు. గుడ్డ గట్టిగా కట్టి, ఎవరివైనా చెప్పులిస్తే చాలు, తెల్లారే బయల్దేరతానన్నాడు. నొప్పేమీ లేదు, మీరే చూశారుగా, రాయి పీకినా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కొట్టాయన వైపు తిరిగాడు. రోజూ ఆ మాట దగ్గర కొట్టాయన అందుకునేవాడు. ఈసారి తల దించుకుని మందుల పెట్టె మూత బిగించుకుంటూ ఉండిపోయాడు.

చెప్పాల్సింది నేనేనని అర్థమైంది.

"నొప్పి లేకపోవడం కాదు నాన్నా. నొప్పి ఉంది. అది నీ దాకా రావడం లేదు. జబ్బు పాదాల్ని తినేసింది. ఇన్నాళ్ళూ నీకు బొబ్బలు రాకపోలేదు, వచ్చినవి తెలియలేదు. అది పట్టుదల కాదు."

ఆఫీసులో ఫిర్యాదు చదివి వినిపించినంత తిన్నగా చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు. నాన్న తలూపలేదు. నా ముఖంలోకి చూసి, తర్వాత గోడ పక్కన నిలబడి ఉన్న కుర్రవాళ్ళ వైపు చూశాడు. ముందురోజు ఆయనతో చేయి కలిపినవాళ్ళే. వాళ్ళు ఒకరి వెనక ఒకరు పడుకునే గదిలోకి వెళ్ళిపోయారు. నాన్న సగం తిన్న రొట్టె చేతిలోకి తీసుకుని, చాలాసేపు పట్టుకుని, తినకుండా కింద పెట్టాడు.

బస ఆవిడ పిలిపించిన వ్యాను పొద్దున్నే వచ్చింది. వాగు ఒడ్డునున్న రోడ్డు దాకా కొట్టాయన, బస ఆవిడ భర్త చేతుల కుర్చీ కట్టి నాన్నను మోశారు. మోయించుకుంటున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. వ్యాను ఎక్కించాక కొట్టాయన గురువుగారూ అని మాత్రం అని, తలుపు మూశాడు. రోడ్డు బాట పక్కనే పోతుంది. కొండ మీద చీమల్లా నడిచేవాళ్ళు కనబడ్డారు. మేము ఇంకా నడవాల్సిన ఆ రెండు కొండల దూరం వ్యాను టీ చల్లారేలోపు దాటేసింది. డ్రైవరు మంచివాడు. మలుపు తిరగగానే, అదిగో సముద్రం అన్నాడు. నాన్న అటు చూడలేదు.

ఆసుపత్రి ఉన్నది బాట ముగిసే ఊళ్ళోనే. వార్డు కిటికీ తీస్తే ఒడ్డూ, బాట చివర పాతిన రాతి స్తంభమూ కనబడతాయి. అక్కడి డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, వెలుతురుకు ఎత్తి చూపించి, ఎముక దాకా కుళ్ళు పాకిందని చెప్పాడు. కుడికాలి పాదం సగం తీసేయాలి. అదృష్టం బాగుంటే సగంతో ఆగుతుంది. ఎడమ మడమ మానుతుందో లేదో చెప్పలేమన్నాడు. మళ్ళీ నడుస్తారా అని అడిగాను. ఆ నరాలతో, ఆ పాదంతో, నడక గురించి ఆలోచించకండి అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాను.

అమ్మకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"బాగా నొప్పిగా ఉందా ఆయనకు?"

"లేదమ్మా. నొప్పేమీ లేదు."

పోనీలే, అదొక్కటి నయం అంది. మొదటి బస్సుకే బయల్దేరుతున్నానని ఫోను పెట్టేసింది.

సాయంత్రం కింద ఒడ్డున కేకలు వినిపించాయి. నడక ముగించినవాళ్ళు రాతి స్తంభాన్ని ముట్టుకుని అరుస్తున్నారు. కిటికీ మూయమంటావా అని అడిగాను. వద్దన్నాడు. కాసేపటికి, నా వైపు తిరగకుండా అన్నాడు.

"ఆ పెద్ద ఎక్కుడులో అందరూ కూలబడ్డారు, నేనొక్కడినే ఆగలేదు. గుర్తుందా?"

"ఉంది నాన్నా."

"అందులో నాది కొంచెమైనా ఉందా తల్లీ? లేక అంతా జబ్బేనా?"

అంతా నీ పట్టుదలేనని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆయన అడిగింది ఓదార్చమని కాదు. కాగితం చదివి చెప్పమని అడిగినట్టే అడిగాడు. నేను చదివిన చదువంతా వెతికాను. నొప్పి తెలిసిన మనిషి ఆ ఎక్కుడులో ఆగేవాడా, ఆగకపోయేవాడా? తెలిసే దారి ఒక్కటే, నొప్పి తెలిసే కాళ్ళతో మళ్ళీ నడవడం.

"తెలీదు నాన్నా," అన్నాను. "నిజంగా తెలీదు."

"నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందిలే," అన్నాడు.

ఇంతలో డాక్టరు నర్సుతో వచ్చి, కోయబోయే చోట గుర్తు పెడతానన్నాడు. దుప్పటి పక్కకు తీసి, కట్టు విప్పి, ఎక్కడిదాకా కోయాలో నీలం సిరాతో పాదం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, అరికాలి మీదుగా, మళ్ళీ పైకి. నాన్న కిటికీ వైపే చూస్తూ పడుకున్నాడు. డాక్టరు కలం మూత పెట్టి, నర్సు మళ్ళీ కట్టు కట్టి దుప్పటి కప్పి, ఇద్దరూ పక్క మంచం దగ్గరికి వెళ్ళారు.

కాసేపయ్యాక, ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా అని అడిగాడు నాన్న. గీయడం అయిపోయిందని నేనే చెప్పాల్సి వచ్చింది.